ఫ్రంట్ షోకు మాస్టర్: పెద్ద త్రీడీ ప్రింటర్‌ను ఆటోనగర్ పనితనానికి జోడించే విధానం

విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుకు కొత్త ఆకారంలో ఫ్రంట్ షో, అంటే బస్సు ముందు ముఖం, కావలసి వస్తే పని నేటికీ ఒకే తీరున మొదలవుతుంది. ప్లైవుడ్ పలకలను అడ్డుకోతల ఆకారంలో కోసి నిలబెడతారు, మధ్య ఖాళీలను నింపుతారు, పైన పుట్టీ పట్టించి రోజుల తరబడి రుద్ది ఒక మాస్టర్, అంటే అసలు ఆకారపు నమూనా, తయారు చేస్తారు. ఆ మాస్టర్ మీద ఫైబర్‌తో, అంటే గాజు పోగును రెజిన్ అనే గట్టిపడే ద్రవంతో తడిపి, మౌల్డు (అచ్చు) తీస్తారు, మౌల్డులోంచి భాగాలను ఒక్కొక్కటిగా దించుతారు. చివరి రెండు పనులలో మన పనివారికి ఎవరూ నేర్పవలసినదేమీ లేదు. కాలాన్ని మింగేది మొదటిదే. కుడి ఎడమలు సరిపోలకపోవడం, హెడ్‌లైటు గూడు ఒక పక్క 5 మిల్లీమీటర్లు కిందికి దిగడం వంటి లోపాలన్నీ అక్కడే పుడతాయి. పెద్ద త్రీడీ ప్రింటర్‌ను ఈ మొదటి మెట్టులో ఎలా వాడుకోవాలో, తక్కిన పనిని పాత పద్ధతికే ఎందుకు వదిలేయాలో ఈ వ్యాసం దశలవారీగా వివరిస్తుంది. ఇసుక పోతకు ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు దించే నమూనా) చేయించుకునే ఫౌండ్రీల వారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. వారికి ప్రత్యేకమైన సంగతులను చివరలో విడిగా చెప్పాను.

ప్రింటర్‌కు ఏ పని అప్పగించాలి

ప్రింటరు కొనాలనుకునే వారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఫ్రంట్ షోనే నేరుగా ప్రింటు చేయవచ్చు కదా అన్నది. సమాధానం లెక్కలోనే ఉంది. మన దేశపు నిబంధనల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు కాబట్టి, ఫ్రంట్ షో సుమారు 2.5 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. వంపులన్నీ కలుపుకుంటే ఉపరితలం దాదాపు 6 చదరపు మీటర్లు అవుతుంది. దీన్ని 3 మిల్లీమీటర్ల మందాన ఫైబర్‌తో చేస్తే 18 లీటర్ల పదార్థం, అంటే సుమారు 27 కిలోలు. అదే ఆకారాన్ని 5 మిల్లీమీటర్ల నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే మూతి) ఉన్న ప్రింటరుతో రెండు వరుసల గోడగా పోస్తే మందం 14 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 84 లీటర్లు, పెట్‌జీ ప్లాస్టిక్ అయితే బరువు 107 కిలోలు అవుతుంది. నాలుగు రెట్ల బరువున్న, పొరల గీతలు కనిపించే ముఖాన్ని బస్సుకు ఎవరూ తగిలించరు. ఒకవేళ తగిలించినా, రెండో బస్సుకు మళ్లీ మొదటి నుంచీ అంత సమయం పడుతుంది. మౌల్డు ఉంటే రెండో ముక్కకు పట్టేది రెజిన్ గట్టిపడే సమయమే.

ఈ సంగతి ప్రపంచంలో ఇతరులకు కూడా అనుభవంలోనే తెలిసింది. 2014లో షికాగో యంత్ర ప్రదర్శనలో స్ట్రాటి అనే కారును జనం చూస్తుండగానే 44 గంటలలో ప్రింటు చేశారు. ఆ కారు పత్రికలకెక్కింది కానీ, అలా కార్లను ప్రింటు చేసి అమ్మే వ్యాపారం నిలదొక్కుకోలేదు. 2016లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ అదే తరహా యంత్రంతో బోయింగ్ 777ఎక్స్ విమానపు రెక్క భాగాలను కత్తిరించి రంధ్రాలు చేయడానికి పనికివచ్చే ఆధారపు పనిముట్టును తయారు చేసింది. 5 మీటర్లకు పైగా పొడవు, దాదాపు 750 కిలోల బరువు ఉన్న ఆ పనిముట్టుకు పట్టిన సమయం సుమారు 30 గంటలు. లోహంతో చేస్తే మామూలుగా 3 నెలలు పడుతుందని అప్పుడు చెప్పారు. రెక్కను ప్రింటు చేయలేదు, రెక్కను పట్టుకునే దిమ్మెను ప్రింటు చేశారు. మన షెడ్డులో పాటించవలసిన విభజన కూడా ఇదే.

కొలతలు, ముక్కల కోత

పాత ఫ్రంట్ షోను ఆధారంగా తీసుకుంటే త్రీడీ స్కానరుతో కొలతలు పట్టవచ్చు. అయితే స్కాను చేసినది ఒక పక్క సగాన్ని మాత్రమే ఉంచుకుని, రెండో సగాన్ని కంప్యూటరులో అద్దంలో ప్రతిబింబంలా తిప్పి చేర్చాలి. చేత్తో చేసిన పాత ముక్కలలో కుడి ఎడమలు ఎప్పుడూ సమానంగా ఉండవు. మొత్తం స్కాను చేస్తే ఆ పాత వంకరను కూడా భద్రంగా దాచుకున్నట్టే. మౌల్డు నుంచి భాగం ఊడి రావడానికి అన్ని గోడలకూ కనీసం 2 డిగ్రీల వాలు ఉండాలి. వాలు ఇవ్వడానికి వీలులేని చోట మౌల్డును రెండు భాగాలుగా విప్పుకునేలా విడదీసే గీతను ఈ దశలోనే నిర్ణయించాలి. అంచు పొడవునా 75 నుంచి 100 మిల్లీమీటర్ల రెక్కను అదనంగా చేర్చడం మరవకండి. మౌల్డు అంచు బిగువుగా రావడానికి, తరువాత భాగాన్ని కత్తిరించుకోవడానికి అది లేకపోతే కుదరదు.

ప్రతి దిశలోనూ ఒక మీటరు మేర పనిచేసే యంత్రం ఉందనుకుంటే ఈ మాస్టర్ కనీసం 6 ముక్కలవుతుంది. ముక్కలను ఎక్కడ కోయాలనేది ప్రింటరు ఒక్కటే నిర్ణయించదు, ఆ తరువాత చెక్కే యంత్రం కూడా నిర్ణయిస్తుంది. తలుపుల మీద నగిషీలు చెక్కే సీఎన్‌సీ రౌటర్లు విజయవాడ, గుంటూరు రెండు చోట్లా కార్పెంటరీ షెడ్లలో ఉన్నాయి. మాస్టర్‌ను చెక్కడానికి కొత్త యంత్రం కొననవసరం లేదు, వాటిని గంటల లెక్కన మాట్లాడుకుంటే సరిపోతుంది. అయితే తలుపు పలకల కోసం చేసిన ఆ యంత్రాలలో కత్తి పైకీ కిందికీ కదిలే మేర తక్కువ. బయలుదేరే ముందే టేపు తీసుకుని వెళ్లి, కత్తి కొనకూ బల్లకూ మధ్య నిజంగా ఎంత ఖాళీ ఉందో కొలిచి, ప్రతి ముక్క లోతూ అంతకంటే తక్కువ ఉండేలా కోత గీతలను గీయాలి. ముక్కలు ప్రింటు అయిపోయాక ఈ సంగతి గుర్తుకు వస్తే రంపమే దిక్కు.

ముక్కల అంచులలో ఒకదానికొకటి అమరే గాడులు, 10 లేదా 12 మిల్లీమీటర్ల బోల్టులకు రంధ్రాలు పెట్టుకోవాలి. చెక్కడానికి అన్ని వైపులా 3 మిల్లీమీటర్ల అదనపు మందం ఇవ్వాలి. రౌటరు దొరకక చేత్తోనే రుద్దవలసి వస్తే దీనికి తలకిందులుగా, అసలు కొలత కంటే 2 మిల్లీమీటర్లు లోపలికి తగ్గించి ప్రింటు చేసి ఆ మేరకు పుట్టీ నింపాలి. ఈ రెంటిలో ఏ మార్గమో ముందే తేల్చుకోకపోతే మాస్టర్ కొలత తప్పడం ఖాయం.

ప్లాస్టిక్ ఎంపిక

ఇంత పెద్ద పనికి బల్లమీది ప్రింటర్లలో వాడే 1.75 మిల్లీమీటర్ల తీగ పనికిరాదు. తీగ ఖరీదు ఎక్కువ, పోసే వేగం తక్కువ. ఇంజెక్షన్ మౌల్డింగ్ వారు వాడే ప్లాస్టిక్ గింజలనే నేరుగా కరిగించి పోసే స్క్రూ తల ఉన్న యంత్రం కావాలి.

ఏ గింజలు అన్న ప్రశ్నకు మన ఎండలే సగం జవాబు చెబుతాయి. పీఎల్ఏ ప్రింటు చేయడానికి అన్నింటికంటే సులువైనది, వంకరపోదు. కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు పక్కన ఎండలో ఉంచిన పీఎల్ఏ మాస్టర్ తన బరువుకే కుంగుతుంది. ఏబీఎస్ 105 డిగ్రీల వరకూ తట్టుకుంటుంది, అయితే చల్లారేటప్పుడు బాగా ముడుచుకుని అంచులు లేస్తాయి. చుట్టూ మూసిన వేడి గది లేని యంత్రంలో మీటరు పొడవు ముక్కను పగలకుండా తీయడం కష్టం. పైగా పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం ఏబీఎస్‌ను కరిగిస్తుంది. పెట్‌జీ ఈ రెంటికీ మధ్యస్థం, 80 డిగ్రీల దాకా నిలుస్తుంది, వాసన తక్కువ, పొరలు గట్టిగా అతుక్కుంటాయి. గాజు పోగు కలిపిన పెట్‌జీ దొరికితే వంకర ఇంకా తగ్గుతుంది, రౌటరు కత్తి మాత్రం త్వరగా అరుగుతుంది. నా మట్టుకు తొలి మాస్టర్‌కు పెట్‌జీనే సిఫారసు చేస్తాను.

గింజలను ఆరబెట్టడం ఐచ్ఛికం కాదు. కృష్ణ ఒడ్డున వానాకాలపు గాలిలో తెరిచి ఉంచిన సంచి తేమ పీల్చుకుంటుంది. ఆ తేమ కరిగే వేడిలో ఆవిరై పోతలో బుడగలు చేస్తుంది, పైగా పెట్‌జీ అణువుల గొలుసులనే తెంపి ముక్కను పెళుసుగా మారుస్తుంది. 65 డిగ్రీల దగ్గర 4 నుంచి 6 గంటలు ఆరబెట్టి, ఆ గింజలను మూతపెట్టిన తొట్టి నుంచే యంత్రానికి అందించాలి. పోత బయటికి వచ్చేటప్పుడు చిటపటమన్న శబ్దం వినిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం. గింజలు, కరిగే వేడి, తేమ వంటి విషయాలు మీ పనివారిలో ఒక్కరికైనా పునాది నుంచి తెలియడం అవసరం. గన్నవరం దగ్గర సూరంపల్లిలో ఉన్న సీపెట్ కేంద్రం ప్లాస్టిక్స్ మీద శిక్షణ ఇచ్చే సంస్థే.

ప్రింటింగ్

యంత్రం అమర్పులను ముందు కాగితం మీద సరిచూసుకోవాలి. నాజిల్ 5 మిల్లీమీటర్లు, పొర ఎత్తు 2, పోత వెడల్పు 7, కదలిక సెకనుకు 100 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు 1,400 ఘన మిల్లీమీటర్లు, అంటే గంటకు సుమారు 6.4 కిలోల పెట్‌జీ పోయాలి. మీ స్క్రూ అంత కరిగించగలదో లేదో గిన్నెలో ఒక నిమిషం పోయించి తూకం వేయండి. 107 గ్రాములు రావాలి. తక్కువ వస్తే కదలిక వేగం తగ్గించాలి తప్ప వేడి పెంచి నెట్టుకురాకూడదు. గోడల 107 కిలోలకు వెనుక రిబ్బుల (బలం కోసం పోసే అడ్డుపట్టీల) కోసం నాలుగో వంతు చేరిస్తే మొత్తం 133 కిలోలు, 21 గంటల పోత. ముక్కల మధ్య సర్దుబాట్లతో కలిపి మూడు నాలుగు రోజుల పనిగా లెక్కవేసుకోవడం న్యాయం.

తరువాత చూడవలసినది పొర సమయం. ఒక పొర పూర్తయి నాజిల్ మళ్లీ అదే చోటికి వచ్చేసరికి కింది పొర మరీ వేడిగా ఉంటే గోడ కుంగుతుంది, మరీ చల్లారితే పై పొర అతుక్కోదు. పెద్ద ముక్కలు పొరల దగ్గర విడిపోవడానికి ఎక్కువ సందర్భాలలో కారణం ఈ రెండోదే. 5 మిల్లీమీటర్ల నాజిల్‌కు 45 నుంచి 90 సెకన్ల మధ్య మొదలుపెట్టి, మీ యంత్రానికి తగిన అంకెను చిన్న గోడలు పోసి కనుగొనాలి. ముక్క సన్నబడిన చోట పొర త్వరగా అయిపోతుంది కాబట్టి, కుడి ముక్కనూ దాని జంట అయిన ఎడమ ముక్కనూ పక్కపక్కనే పెట్టి ఒక పొర ఇటు, ఒక పొర అటు పోయించడం మంచి ఉపాయం.

చిన్న ప్రింటరుతో అలవాటు ఉన్నవారు ఇక్కడ ఒక విషయంలో పొరబడతారు. స్క్రూ తల పోతను చటుక్కున ఆపలేదు. ఆగమన్న తరువాత కూడా కొంతసేపు కారుతూనే ఉంటుంది. అందువల్ల ముగ్గు వేసే చెయ్యి ఎత్తకుండా గీసినట్టు, ప్రతి పొరా ఒకే అఖండమైన గీతగా సాగేలా గోడలనూ రిబ్బులనూ గీయాలి. మొదలు, ముగింపు కలిసే చోటు ఎప్పుడూ ముక్క వెనుక భాగంలోనే ఉండాలి. కనిపించే ముఖం నిలువుగా ఉండేలా ముక్కను నిలబెట్టాలి, 45 డిగ్రీలకు మించి బయటికి వాలే భాగం లేకుండా చూసుకోవాలి. మొదటి పొర కదలకుండా పట్టి ఉండటానికి, బల్లకు స్క్రూలతో బిగించిన ప్లైవుడ్ మీద జిగురు రాసి దాని మీదే పోయడం సులువైన పద్ధతి.

కరెంటు గురించి ముందే ఆలోచించాలి. హీటర్లు లాగే విద్యుత్తును మామూలు యూపీఎస్ మోయలేదు. కంట్రోలరు, మోటార్లు యూపీఎస్ మీద, హీటర్లు జనరేటరు మీద ఉండాలి. మా మొదటి పనిలో రాత్రి పూట ఇరవై నిమిషాలు కరెంటు పోయింది. తిరిగి రాగానే యంత్రం ఆగిన చోటి నుంచే కొనసాగింది, ముక్క చూడటానికి చక్కగానే వచ్చింది. వారం తరువాత రౌటరు మీద బిగిస్తుండగా సరిగ్గా ఆ గీత దగ్గరే రెండుగా ఊడింది. అంతరాయం కలిగితే ఆ పొరను వేడిగాలి తుపాకీతో మెత్తబరిచి మళ్లీ మొదలుపెట్టాలి, లేదా అక్కడికి ముక్కను ముగించి పై భాగాన్ని విడిగా పోసి అతికించాలి.

కూర్పు, నునుపు

ముక్కలు చల్లారాక ఒక రోజు కదపకుండా ఉంచి, అప్పుడు కొలవాలి. వేడి నుంచి చల్లారేటప్పుడు వచ్చే ముడుపు గింజలను బట్టి, పొరల దిశను బట్టి మారుతుంది కనుక, అసలు పని మొదలుపెట్టక ముందే అర మీటరు నమూనా పోసి, ఎంత తగ్గిందో చూసి, ఆ నిష్పత్తిలో డ్రాయింగును పెంచుకోవాలి.

ఆ తరువాత ఎండ సంగతి. పెట్‌జీ మీటరుకు, డిగ్రీకి సుమారు 0.065 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు 0.012 మాత్రమే. మే నెలలో తెల్లవారుజామున 28 డిగ్రీలు, మధ్యాహ్నం 43 డిగ్రీలు అనుకుంటే 2.5 మీటర్ల మాస్టర్ 2.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని మోసే ఇనుప చట్రం అర మిల్లీమీటరు కూడా పెరగదు. చట్రానికి అన్ని వైపులా గట్టిగా బిగించేస్తే మాస్టర్ మధ్యలో ఉబ్బుతుంది. నడుమ ఒక్క చోట స్థిరంగా బిగించి, తక్కిన బోల్టులకు పొడవాటి రంధ్రాలు పెట్టాలి. కొలతలన్నీ ఒకే వేళలో, వీలైతే ఉదయం ఏడు గంటల లోపు తీసుకోవడం అలవాటు చేసుకోవాలి.

ముక్కలను బోల్టులతో కూర్చి, అతుకులలో ఎపాక్సీ జిగురు నింపి, ఆ తరువాత ఉపరితలం మొత్తానికీ ఎపాక్సీ పూత రెండు సార్లు వేయాలి. ఈ పూత అందం కోసం కాదు. పుట్టీలోనూ, పాలియెస్టర్ రెజిన్‌లోనూ ఉండే స్టైరీన్ ప్లాస్టిక్‌ను తాకకుండా అడ్డుకునే గోడ ఇది. పొరల మధ్య కంటికి కనిపించని సందులను కూడా ఇదే మూస్తుంది. పూత గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్ది, పుట్టీ పట్టించి, పొడవాటి బద్దకు అమర్చిన ఎమరీతో 80 నంబరు గరుకు నుంచి మొదలుపెట్టి 400 వరకూ, ఆ తరువాత సర్ఫేసర్ కొట్టి నీళ్ల కాగితంతో 1000 దాకా రుద్దాలి. కొండపల్లిలో తెల్లపొణికి ముక్కలను అతికి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చి, ఆరాక రుద్ది రంగు వేసే పనిని చూసినవారికి ఈ దశ కొత్తగా అనిపించదు. మాస్టర్ మీద చేత్తో తడిమితే తెలిసేదంతా తరువాత ప్రతి బస్సు ముఖం మీద పెయింటు కింద కనిపిస్తుంది. ప్రింటరు మిగిల్చిన రోజులలో సగాన్ని ఇక్కడ ఖర్చు పెట్టినా తప్పులేదు. మాస్టర్ పని మొత్తంలో నాణ్యతను నిర్ణయించేది ఈ చేతిపనే. ఎమరీ పట్టే పాత పెయింటరుకు యంత్రం నడిపే కుర్రవాడికంటే ఎక్కువ కూలి ఇవ్వవలసి వస్తే సంతోషంగా ఇవ్వండి.

మౌల్డు తీయడం

ఇక్కడి నుంచి ఫైబర్ పనివారి రాజ్యం. వ్యాక్స్ అయిదారు సార్లు పట్టించి మెరిపించాలి, దాని మీద మౌల్డు అంటుకోకుండా పీవీఏ పూత వేసి ఆరనివ్వాలి, మౌల్డుకు లోపలి ముఖమయ్యే టూలింగ్ జెల్‌కోట్ వేయాలి, ఆ తరువాత మ్యాట్ (గాజు పోగు పరుపు), రెజిన్. ప్రింటు చేసిన మాస్టర్ విషయంలో మార్చుకోవలసినది ఒక్కటే. రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తాను వేడెక్కుతుంది; మందంగా ఒకేసారి పేరిస్తే ఆ వేడి 80 డిగ్రీలు దాటి పెట్‌జీని మెత్తబరుస్తుంది. అందువల్ల మొదటి రోజు ఒక పలుచని మ్యాట్ మాత్రమే వేసి ఆపాలి, తరువాతి రోజుల్లో రోజుకు రెండు మూడు పొరల చొప్పున, సాయంత్రం చల్లబడ్డాక వేయాలి. మాస్టర్ మీద ఉండగానే మౌల్డు వెనుక ఇనుప గొట్టాల చట్రాన్ని అతికించి, ఆ తరువాతే విడదీయాలి. రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే క్యాటలిస్టునూ కోబాల్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ కలపకూడదు, అది పేలుతుంది; ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతే రెండోది వేయాలి. రుద్దేటప్పుడూ కోసేటప్పుడూ ముసుగు తప్పనిసరి.

ఇసుక పోతకు ప్యాటర్న్ అయితే

గుంటూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లులలో ఏళ్లనాటి యంత్రపు పోత భాగం పగిలితే, దానికి ప్యాటర్న్ ఎవరి దగ్గరా ఉండదు. ఒకటి రెండు ముక్కల కోసం కర్ర ప్యాటర్న్ చేయించడం గిట్టదు. పెద్ద ప్రింటరుకు ఇది సరైన పని, కాకపోతే పగిలిన ముక్కను కొలిచి అదే కొలతకు ప్రింటు చేస్తే పోత చిన్నదవుతుంది. బూడిదరంగు పోత ఇనుము మీటరుకు సుమారు 10 మిల్లీమీటర్లు, అల్యూమినియం 13, ఉక్కు 20 ముడుచుకుంటాయి. 500 మిల్లీమీటర్ల ఇనుప భాగానికి ప్యాటర్న్ 505 ఉండాలి. ఆర్డరు పెద్దదై, ప్రింటు చేసిన మాస్టర్ నుంచి ముందు అల్యూమినియం ప్యాటర్న్ పోసి, దానితో ఇనుము పోయదలిస్తే ముడుపు రెండు సార్లు లెక్కకు వస్తుంది, మాస్టర్ 511.6 ఉండాలి. పోత తరువాత మిషనింగు (యంత్రంతో చెక్కడం) జరిగే ముఖాలకు 3 నుంచి 5 మిల్లీమీటర్లు అదనంగా ఇవ్వడం మామూలే.

పొరల గీతలు వాలు గోడ మీద మిగిలితే ప్యాటర్న్ పైకి తీసేటప్పుడు ఇసుకను వెంట లాక్కొస్తాయి. కనుక ఇక్కడ కూడా ఎపాక్సీ పూత, పుట్టీ, రుద్దుడు తప్పవు. వాలు 2 డిగ్రీల కంటే తగ్గించకూడదు. పచ్చి ఇసుకలో (తేమ, బంకమట్టి కలిపిన ఇసుకలో) ఇలాంటి ప్యాటర్న్ కొన్ని పదుల అచ్చు పెట్టెలకు నిక్షేపంగా వస్తుంది. సీఓటూ ఇసుక (కార్బన్ డయాక్సైడు వాయువుతో గట్టిపరిచేది) ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది కనుక పార్టింగు పూత బాగా పట్టించి, ప్యాటర్న్ పైకి లాగడానికి లోపల ఇనుప పలక బిగించిన మర చీలలు పెట్టుకోవాలి. ప్లాస్టిక్‌లోకే నేరుగా తిప్పిన చీల మూడో పెట్టెకే ఊడి వస్తుంది. కోర్ బాక్సును (పోతలో బోలు భాగం కోసం ఇసుక దిమ్మె చేసే పెట్టెను) కూడా ప్రింటు చేయవచ్చు, కానీ సుత్తి దెబ్బలు తగిలే అంచులకు ఇనుప పట్టీలు తగిలించాలి.

మౌల్డు లేదా పోత సంతృప్తికరంగా వచ్చాక, డ్రాయింగు ఫైలును, నమూనాతో కనుగొన్న ముడుపు నిష్పత్తిని, పొర సమయాన్ని, గింజల సంచి మీది గ్రేడు సంఖ్యతో సహా ఒకే చోట రాసి ఉంచాలి. అవి ఉంటే మాస్టర్‌ను షెడ్డులో ఏళ్ల తరబడి దాచనవసరం లేదు. దాచదలిస్తే మాత్రం గోడకు ఆనించకుండా, దాని చట్రం మీదే, నీడలో పడుకోబెట్టాలి. రౌటరు కింద రాలిన శుభ్రమైన ప్లాస్టిక్ పొట్టును విడిగా సంచిలో ఎత్తి పెట్టుకుంటే, దాన్ని మళ్లీ గింజలు చేయించి తరువాతి మాస్టర్ వెనుక రిబ్బులకు వాడుకోవచ్చు. పుట్టీ, ఎపాక్సీ అంటిన ముక్కలు మాత్రం ఆ సంచిలో కలవకూడదు.